వర్చువల్ మెషీన్ పదే పదే హ్యాంగ్ అవుతోంది, రెండుసార్లు ఉబుంటు మార్చినా అంతే

వేపచెట్టు_నీడ:
అన్నలూ, సాయం కావాలి. బీటెక్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు వర్చువల్‌బాక్స్‌లో (విండోస్ లోపలే ఇంకో కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్) ఉబుంటు 22.04 లినక్స్ వేసి చేస్తున్నా. ల్యాప్‌టాప్ విండోస్ 11, 16 జీబీ ర్యామ్, 4 కోర్లు. వర్చువల్ మెషీన్‌కి (వీఎం) 6 జీబీ, 4 సీపీయూలు ఇచ్చా. కంపైల్ మొదలుపెట్టిన పది పదిహేను నిమిషాలకు బిగుసుకుపోతోంది. మౌస్ కదలదు, గడియారం ఆగిపోతుంది. పవర్ ఆఫ్ కొట్టడం తప్ప దారి లేదు. సోమవారం రివ్యూ.

రాత్రి_షిఫ్ట్:
మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యకు తమ్ముడూ. రోగం లోపలుందో బయటుందో ముందు తేలాలి. హ్యాంగ్ అయినప్పుడు కుడి కంట్రోల్ పట్టుకుని ఎఫ్3 నొక్కు. నల్ల తెర మీద లాగిన్ అడిగితే ఉబుంటు బతికే ఉన్నట్టు, గ్రాఫిక్స్ ఇరుక్కుంది. అప్పుడు 3డీ యాక్సిలరేషన్ తీసేసి చూడు. ఇంకోటి, వీఎం విండోలో కింద కుడివైపు ఆకుపచ్చ తాబేలు బొమ్మ ఉందా?

వేపచెట్టు_నీడ:
ఎఫ్3కి ఉలుకూ పలుకూ లేదు. ఒక్కసారి దానంతటదే తేరుకుంది, అప్పుడు ఉబుంటు కెర్నల్ (సిస్టమ్‌కి గుండె లాంటి భాగం) రాసుకునే లాగ్‌లో ‘సాఫ్ట్ లాకప్, సీపీయూ 22 సెకన్లు’ అని ఉంది. తాబేలు ఉందన్నా!

రాత్రి_షిఫ్ట్:
అయితే దారి దొరికింది. తాబేలు ఉందంటే హైపర్-వీ (వీఎంలు నడిపే విండోస్ సొంత ఏర్పాటు) ఆన్‌లో ఉంది, విండోసే దాని మీద నడుస్తోంది. ప్రాసెసర్‌లో వీఎంల కోసం ఉండే వీటీ-ఎక్స్ అనే సౌకర్యం దాని చేతిలో ఉంటుంది, వర్చువల్‌బాక్స్ నేరుగా అందుకోలేక దాని ద్వారానే పని చేయించుకోవాలి. 6.0 వెర్షన్ నుంచి ఇలా నడుస్తుంది గానీ నెమ్మది. ఇక ఆ 22 సెకన్ల సంగతి. ఒక సీపీయూ 20 సెకన్లు దాటి వేరే పనికి వంతు ఇవ్వకపోతే లినక్స్ ఆ హెచ్చరిక రాస్తుంది. వీఎంలో అయితే చాలాసార్లు ఆ సీపీయూకే బయట వంతు రాక అలా కనిపిస్తుంది. ఉన్న 4 కోర్లకూ 4 సీపీయూలు ఇచ్చేస్తే విండోస్‌కి ఏం మిగులుతుంది? 2 చెయ్యి. విండోస్‌లోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్2 గానీ, యాప్‌లను విడివిడిగా నడిపే డాకర్ గానీ వేశావా? హైపర్-వీ వాటి వల్లే ఆన్ అయి ఉండొచ్చు.

గోదారి_గట్టు:
నాకు తాబేలు లేకుండానే ఆగిపోయేది. డిస్క్ ఫైల్ 80 జీబీ వరకు పెరిగే రకం పెట్టా, సీ డ్రైవ్‌లో మిగిలింది 11 జీబీ. లోపల చూస్తే బోలెడు ఖాళీ. బయట చోటు నిండగానే వీఎం పాజ్‌లోకి పోయేది. వీఎం ఫోల్డర్‌లోని లాగ్ ఫైల్ చివర డిస్క్ నిండిందని స్పష్టంగా ఉంది. మొదటి రోజే తెరిచి ఉంటే వారం కలిసొచ్చేది.

వేపచెట్టు_నీడ:
డిస్క్‌లో చోటు ఉందండి. 2 సీపీయూలు పెడితే 40 నిమిషాలు నడిచి మళ్లీ ఆగింది. డబ్ల్యూఎస్ఎల్2 ఎప్పుడో వేశా, వాడట్లేదు. విండోస్ ఫీచర్లలో దానికి కావలసిన వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్ తీసేశా. తాబేలు పోలేదు.

మామిడి_తోట:
విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసోలేషన్ కింద మెమరీ ఇంటెగ్రిటీ ఆన్‌లో ఉందేమో చూడండి. అదీ హైపర్-వీ మీదే నడుస్తుంది. ఆపాక షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ కొట్టండి. ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్‌డౌన్‌లో కెర్నల్ పూర్తిగా కొత్తగా మొదలవదు. అయితే ఒక మాట, మెమరీ ఇంటెగ్రిటీ చెడ్డ డ్రైవర్ల నుంచి కాపాడే రక్షణ. ఆపి ఉంచినన్నాళ్లూ తెలియని సాఫ్ట్‌వేర్ వేయకండి.

వేపచెట్టు_నీడ:
రీస్టార్ట్ అయ్యాక తాబేలు పోయి వీ గుర్తు వచ్చింది! మూడు గంటలుగా కంపైల్ నడుస్తోంది, ఒక్కసారీ ఆగలేదు. అందరికీ చాలా చాలా థ్యాంక్స్. రివ్యూ అయ్యాక మెమరీ ఇంటెగ్రిటీ మళ్లీ ఆన్ చేస్తే ప్రాజెక్టు చెడిపోతుందా?

రాత్రి_షిఫ్ట్:
చెడదు, తాబేలు తిరిగొస్తుంది అంతే. ఈ లోపు కోడ్ కాపీ వీఎం బయట ఒకటి పెట్టుకో. స్నాప్‌షాట్‌ని (వీఎం అప్పటి స్థితిని దాచిపెట్టేది) నమ్ముకోకు, అదీ అదే డిస్క్‌లో ఉంటుంది.