సమస్యాపూరణం: "అశ్వశక్తి హెచ్చ నపజయమ్మె"

నిర్వాహకుడు:
ఆదివారం భోజనాల దగ్గర మా మేనల్లుడు ఏదో వెయ్యి హెచ్‌పీ (వెయ్యి గుర్రాల అశ్వశక్తి) కారు వీడియో చూపించి "మామయ్యా, ఇంక దీన్ని కొట్టేది లేదు" అన్నాడు. "రౌతు కొద్దీ గుర్రం రా" అన్నాను. "గుర్రాలు వెయ్యి ఉన్నాక రౌతు ఎవరైతే ఏంటి" అన్నాడు. అన్నం చల్లారింది గానీ వాదన చల్లారలేదు. చేయి కడుక్కుంటుంటే ఈ పాదం తట్టింది.

అశ్వశక్తి హెచ్చ నపజయమ్మె

ఎవరో మూర్ఖుడి నోట్లో ఈ పాదం పెట్టేసి చేతులు దులుపుకొనే పూరణలు ఈసారి వద్దు. ఎవరికి చెబుతున్నానో వారికి తెలుసు.

బాహుకప్రియ:

బక్క గుఱ్ఱములను బగ్గాల నడిపించి
నలుఁడు చేర్చె ఱేని నాఁడె పురికి
హృదయ మెఱుఁగ లేని హీనుని చేతిలో
నశ్వశక్తి హెచ్చ నపజయమ్మె

మారువేషంలో తన దగ్గర సారథిగా ఉన్న నలుడు ఎంచిన ఆ బక్క గుర్రాలను చూడగానే ఋతుపర్ణ మహారాజుకు అనుమానం వచ్చింది. తీరా రథం కదిలాక ఉత్తరీయం జారిపడితే ఆపమంటాడు. అది అప్పటికే యోజనం వెనకపడిపోయింది ప్రభూ అంటాడు నలుడు. స్పీడోమీటరు లేని రోజుల్లో వేగాన్ని ఇంతకంటే బాగా ఎవరు చెప్పారు?

గురులఘువు:
బాగుందమ్మా. "హృదయము" అని అశ్వహృదయాన్ని, అంటే గుర్రాల మనసెరిగి నడిపే నలుడి విద్యను, సగం మాటలో పట్టుకున్నారు, హృ–హీ యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదిరే జోడీ అక్షరం) కూడా హాయిగా ఉంది. ఒక్కటే మాట. ఆ రథంలో వార్ష్ణేయుడు కూడా కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు నలుడికే సారథి, అప్పటికి ఋతుపర్ణుడి కొలువులో ఉన్నవాడు. అశ్వహృదయం అతనికీ తెలియదు. అతన్ని హీనుడందామా? యతి కోసం ఒక మంచి సారథి పరువు పోయింది.

బాహుకప్రియ:
అయ్యో, వార్ష్ణేయుడు గుర్తే రాలేదు గురువు గారూ. ఆయనకు క్షమాపణలు.

నాలుగో గేరు:
నేను పద్యాలకు కొత్త, రేసులకు పాత. తప్పులుంటే మన్నించండి.

వాన లోన సెన్న వరుసగా నలుగురి
దాటి ముందు నిలిచెఁ దొలుత చుట్టు
తడిసి జారు చోటఁ దడబాటు పాదాన
నశ్వశక్తి హెచ్చ నపజయమ్మె

1993 ఏప్రిల్ 11, ఇంగ్లాండులో డోనింగ్టన్ ట్రాక్, ఫార్ములా వన్ కార్ల రేసు. సెన్నా నడిపిన మెక్‌లారెన్ కారులో ఫోర్డ్ వీ8 ఇంజను, ఎదురుగా విలియమ్స్ కార్లలో అంతకంటే బలమైన రెనో వీ10. నాలుగో స్థానంలో బయల్దేరి ఐదుకు పడ్డాడు. మొదటి ల్యాపు (ట్రాక్ మీద ఒక చుట్టు) పూర్తయ్యేసరికి షూమాకర్, వెండ్లింగర్, హిల్, ప్రోస్ట్ నలుగురూ వెనకే. ఆట ముగిసేసరికి హిల్ తప్ప మిగతా అందరూ ఒక ల్యాపో అంతకంటే ఎక్కువో వెనకబడ్డారు.

గురులఘువు:
భావం దివ్యంగా ఉంది. కానీ రెండో పాదంలో "దా"కు "దొ"తో యతి వేశారు. హల్లు కుదిరింది, అచ్చు జారింది. సెన్నా జారని చోట మీరు జారారు. "దాటి నిలిచె మొదటి తావు నందు" అంటే సరిపోతుంది.

నాలుగో గేరు:
ధన్యవాదాలు సార్. కానీ ఇందులో "మొదటి చుట్టు" పోయింది కదా. ఆ ల్యాపు గురించే నేను పద్యం మొదలుపెట్టింది.

గట్టుమీద గోపయ్య:
పెద్దాయన యతి నిలబెట్టి రేసు ఓడించారు. ఇది చూడండి బాబూ:

వాన లోన సెన్న వరుసగా నలుగురి
దాటె మొదటి చుట్టు దాటకుండ

నాలుగో గేరు:
అబ్బ! దాటె, దాటకుండ. ఇదే ఉంచుకుంటాను గోపయ్య గారూ.

గురులఘువు:
బాగానే ఉంది. (ఇంతకంటే అనను.)

బండిరా:
సెన్నా భక్తులు ఏమీ అనుకోవద్దు. ఆ మెక్‌లారెన్‌లో కారును తనంతట తానే నిలకడగా ఉంచే యాక్టివ్ సస్పెన్షన్, చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ ఉన్నాయి. మొత్తం పాదం మహిమే అనేయకండి. శక్తికీ నేర్పుకీ అసలు లెక్క తేలేది బైకు మీదే. టైరుకు పట్టు ఇంతే అని ఒక హద్దు ఉంటుంది. వంపులో ఆ పట్టంతా బండి పక్కకు జారకుండా ఆపడానికే ఖర్చవుతుంటే, ఆ క్షణంలో యాక్సిలరేటర్ ఓ చిటికెడు ఎక్కువ తిప్పినా వెనక చక్రం జారుతుంది. జారిన చక్రం మళ్లీ టక్కున పట్టు దొరకబుచ్చుకుంటే మనిషి బండి మీంచి గాల్లోకి లేస్తాడు. హైసైడ్ అంటారు. 500 సీసీ టూస్ట్రోక్ రేసు బైకుల రోజుల్లో ఎందరి ఎముకలో విరిగాయి.

1983లో ఆ 500 సీసీ పోటీల్లో హోండా తన రేసరు ఫ్రెడీ స్పెన్సర్‌కు మూడు సిలిండర్ల బండి ఇచ్చింది. అతని ప్రత్యర్థి కెన్నీ రాబర్ట్స్ యమహాకు నాలుగు. స్పెన్సర్ బండికి బలం తక్కువ, కానీ తేలిక, వంపులో చెప్పినమాట వింటుంది. పన్నెండు రేసుల్లో చెరి ఆరు గెలిచారు. చివరికి పాయింట్లు స్పెన్సర్‌కు 144, రాబర్ట్స్‌కు 142.

ఇంకో ముచ్చట. 1992లో అదే హోండా తన నాలుగు సిలిండర్ల ఇంజనులో పేలుళ్లు సమంగా రాకుండా దగ్గర దగ్గరగా గుంపుగా వచ్చేలా మార్చింది. గుంపుకీ గుంపుకీ మధ్య టైరుకు ఊపిరి తీసుకునే సందు దొరికింది. హోండా రేసరు డూహాన్ ఆ ఏడు మొదటి నాలుగు రేసులూ గెలిచాడు. గుర్రాలను పెంచి కాదు, డెక్కల లయ మార్చి.

బాహుకప్రియ:
అంటే పద్యంలో లాగా మాత్రలు అవే, గణవిభజన (వాటిని గుంపులు చేసే తీరు) మార్చారన్నమాట!

బండిరా:
అంతే అక్కా. ఇంత రాశాను గానీ పద్యం మాత్రం రాలేదు. మూడో పాదం దగ్గర ఇంజను ఆగిపోయింది.

మూసీ ఒడ్డు:
అన్నలూ, డోనింగ్టన్ దాకా ఎందుకు, మన హుస్సేన్‌సాగర్ పక్కనే అయింది కదా. 2023 ఫిబ్రవరి 11, ఫార్ములా ఈ, కరెంటు కార్ల రేసు. నేను స్టాండ్‌లో ఉన్నా. ఇంజను మోత లేదు, ఈల వేసుకుంటూ పోయినట్టు పోయినయి కార్లు.

సాగరంబు చెంత సరిజోడు కార్లలో
వెఱ్ఱి వేగ ముడిగి వెర్ను గెలిచె
బ్యాటరీలు కరగఁ బరుగెత్తు వారికి
నశ్వశక్తి హెచ్చ నపజయమ్మె

అందరి కార్లకూ రేసులో గరిష్ఠ శక్తి ఒక్కటే, 300 కిలోవాట్లు. అటాక్ మోడ్‌లో, అంటే అందరికీ ఇచ్చే అదనపు శక్తి వాడుకున్నప్పుడు, కాసేపు 350. అంటే గుర్రాలు సమానం. మిగిలింది రౌతే.

నాలుగో గేరు:
పద్యం బాగుంది అన్నా, కానీ గెలిచిన వెర్న్ వేగం ఎక్కడ ఉడిగింది? చివరి ల్యాపుల్లో బ్యాటరీ తక్కువ మిగిలింది అతని దగ్గరే. వెనకున్న కాసిడీ దగ్గరే ఎక్కువ ఉంది. మీ మూడో పాదం లెక్కన వెర్నే ఓడిపోవాలి!

మూసీ ఒడ్డు:
నిజమే. ఆ తక్కువతోనే కాసిడీకి సందివ్వకుండా గీత దాటాడు చూడు, అదే నేను చెప్పాలనుకున్నది. పద్యంలో ఇమడలే. జాగ్వార్ జట్టు రెండు కార్లూ హెయిర్‌పిన్ మలుపు దగ్గర ఒకదాన్నొకటి తగులుకున్నది పెట్టినా బాగుండేది.

గురులఘువు:
"సరిజోడు" మంచి మాట. గణాలు, యతులు శుద్ధం. వాస్తవం సంగతి మీరూ మీరూ తేల్చుకోండి.

గట్టుమీద గోపయ్య:
అందరూ ఓడిపోతూనే ఉన్నారు. నేను గెలిపిస్తాను.

రౌతు నేర్పు కలసి రాఁ, దాని తోడుగా
నశ్వశక్తి హెచ్చ నపజయమ్మె
ఱుఁగని వీరుఁ డయ్యె జగతిని విల్నోవు
వెనుక నలుగు రున్న వీడకుండ

1981, స్పెయిన్‌లో హరామా ట్రాక్, ఫార్ములా వన్ రేసు. జిల్ విల్నోవ్ ఫెరారీకి టర్బో బలం దండిగా ఉంది, చాసిస్ (కారు చట్రం) మాత్రం మలుపు వస్తే మొరాయించే రకం. తిన్నని దారిలో బలంతో దూరం జరిగేవాడు, మలుపుల్లో దారి మూసేవాడు. వెనక నాలుగు కార్లు గొలుసుకట్టు. ముగింపులో ఐదు కార్లూ 1.24 సెకన్ల లోపే. అతని చివరి గెలుపు అదే. నేర్పొక్కటే ఉంటే తిన్నని దారిలో మింగేసేవారు, బలమొక్కటే ఉంటే మొదటి మలుపులోనే.

బాహుకప్రియ:
"అపజయమ్మె" తర్వాత "ఱుఁగని"! పాదం చివర అపజయం, పాదం మారగానే జయం. లేచి నిలబడ్డాను.

నిర్వాహకుడు:
మా మేనల్లుడికి వినిపించాను. "చూశావా మామయ్యా, గుర్రాలు కూడా కావాలిగా" అన్నాడు. వాడి వైపు మాట్లాడారు మీరు.

గురులఘువు:
విరుపు మెచ్చుకోదగ్గదే. కానీ "ఱుఁగ"లో అరసున్న ఉంది, "జగ"లో లేదు. యతికి బదులు రెండో అక్షరాలను కలిపే ప్రాసయతి ఎలా చెల్లుతుంది?

గట్టుమీద గోపయ్య:
అరసున్న ఉన్నదానికీ లేనిదానికీ ప్రాస చెల్లే ఖండాఖండ ప్రాసము అని ఒకటి ఉంది కదండీ. మీరే నాకు రెండేళ్ల కిందట చెప్పారు.

గురులఘువు:
చెప్పాను. మీకు గుర్తుందో లేదో చూశాను. సరే, చెల్లుతుంది. అయినా సమస్యను రెండో పాదంలో పెట్టి కింది పాదంలోకి జారుకోవడం మీకు అలవాటైపోయింది. "గోడ మీద పిల్లి గోవు నీనె" సమస్యకు ఏం చేశారు? "నీనె" కింద "త్తి" తెచ్చి "నీ నెత్తి" అన్నారు. ఆ ద్విత్వాక్షరంతో లఘువు (తేలిక అక్షరం) కావాల్సిన "నె" గురువై (బరువు అక్షరమై) చివరి గణం కాస్తా కూలింది. అప్పుడు నేనొక్కడినే అన్నాను, అందరూ చప్పట్లు కొట్టారు.

గట్టుమీద గోపయ్య:
పాదాంతం కదా అని వదిలేశాను.

గురులఘువు:
ఒకే మాట రెండు పాదాల్లో నడుస్తుంటే పాదాంతం ఎక్కడుంది? ఈసారి "ఱు" తేలికగా వచ్చింది కాబట్టి "మ్మె" లఘువుగానే బతికింది. అంటే ఆ విమర్శ మీకు పనికొచ్చిందన్నమాట.

మూసీ ఒడ్డు:
పిల్లి ముచ్చట ఏందన్నా, నేను అప్పుడు లేను. ఆ పద్యం మళ్లా పెట్టండి.

గట్టుమీద గోపయ్య:
వద్దు బాబూ. ఏడాదవుతోంది, గురువు గారి లెక్కలో ఆ పిల్లి ఇంకా గోడ దిగలేదు.