అప్‌డేట్: ఎర్ర నేలలో సేంద్రియ కర్బనం

మా ఎర్ర నేలలో సేంద్రియ కర్బనం (కుళ్లిన ఆకు, వేరు, పేడ వంటి వాటి నుంచి మట్టిలో చేరే కర్బనం) 0.32 శాతమే వచ్చింది, ఎలా పెంచాలని మిమ్మల్ని అడిగాను. పత్తి కట్టె కాల్చవద్దని, వేసవిలో నేలను బోసిగా వదలవద్దని ఎక్కువ మంది చెప్పారు. అదే చేశాం. కట్టెను ట్రాక్టర్ ష్రెడ్డర్‌తో ముక్కలు చేసి పొలంలోనే పరిచాం. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయం చూసే ప్రభుత్వ సంస్థ రైతు సాధికార సంస్థ ప్రోత్సహిస్తున్నట్టు, తొలకరికి ముందే నవధాన్యాలు చల్లాం. సజ్జ, అలసంద, ఉలవ, జనుము బాగా మొలిచాయి. నువ్వులు దాదాపు రాలేదు.

ఈసారి పరీక్షలో 0.41! అదే చోట, అదే నెలలో, అదే 15 సెంటీమీటర్ల లోతులో మట్టి తీశాం. లేకపోతే పోల్చడమే దండగ. 0.5 దాటితేనే మధ్యస్థం కాబట్టి ఇంకా తక్కువ కిందే లెక్క. అయినా ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. జనుము మొక్క పీకితే వేళ్లకు మట్టి గింజలు గింజలుగా అంటుకుని వచ్చింది. వేరు బుడిపెలను కోసి చూస్తే లోపల గులాబీ రంగు, అంటే అవి గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తున్నట్టే.

కార్బన్ క్రెడిట్ల (నేలలో కర్బనం నిల్వ చేసినందుకు వచ్చే డబ్బు) గురించి అడిగినవారికి: ఎకరంలో 15 సెంటీమీటర్ల లోతు వరకు సుమారు 900 టన్నుల మట్టి ఉంటుంది. కర్బనం 0.1 శాతం పెరిగితే 0.9 టన్ను కర్బనం, అంటే దాదాపు 3.3 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. పాత పద్ధతికి మళ్లితే అది తిరిగి గాలిలో కలుస్తుంది. డబ్బు ఆశతో మొదలుపెట్టకండి, తేమ నిలిచే నేల కోసం చేయండి.

వచ్చే తొలకరికి గట్ల మీద గ్లిరిసిడియా (పచ్చి ఆకు ఎరువుకు పెంచే చెట్టు) పెట్టాలనుకుంటున్నాం. కొమ్మలు నాటితే సరిపోతుందా, నారు పోయాలా?