సమన్స్ వచ్చాయంటే ముద్దాయి అనే అర్థమా? నాన్నగారికి నిద్ర పట్టడం లేదు

గాజువాక_అబ్బాయి:
అందరికీ నమస్కారం. సోమవారం మా ఇంటికి కోర్టు నుంచి నాన్నగారి పేరు మీద కాగితం వచ్చింది. పైన ఇంగ్లీషులో సమన్స్ అని పెద్దక్షరాలు, కింద కేసు నంబరు, తేదీ, పదిన్నరకి హాజరు కావాలని, ఒక మూల సీలు. రెండేళ్ల కిందట ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర లారీ ఒక బండిని గుద్దేస్తే నాన్నగారే ఆ కుర్రాడిని ఆటోలో ఎక్కించి కేజీహెచ్ ఆసుపత్రికి తీసుకెళ్లారు, పోలీసులు అప్పుడు ఏదో రాసుకున్నారు, ఆ సంగతి మేం మర్చిపోయాం కూడా. ఇప్పుడు పక్కింటాయన "సమన్లు వచ్చాయంటే కేసులో ఇరికించినట్టే" అనేసి వెళ్లారు. నాన్నగారికి 67 ఏళ్లు, బీపీ ఉంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో ఉంచుకుని గంటకోసారి తీసి చూసుకుంటున్నారు. డిక్షనరీలో సమన్ అంటే పిలుచు అని ఉంది. పిలవడానికి కాల్ ఉంది కదా, మళ్లీ ఈ మాట ఎందుకు? ఇంకోటి, కానిస్టేబుల్ వచ్చినప్పుడు నాన్నగారు ఇంట్లో లేరు, అమ్మ సంతకం పెట్టి తీసుకుంది. అది చెల్లుతుందా?

ఎంవీపీ_టీచర్:
ముందు నాన్నగారిని స్థిమితపడమనండి. ఆ మాటలో నేరం అనే అర్థం ఎక్కడా లేదు. రాజ్యాంగం 85వ అధికరణంలో రాష్ట్రపతి పార్లమెంటు సభలను సమావేశానికి పిలవడానికి వాడిన క్రియ కూడా సమనే, ఎంపీలకి వెళ్లే ఆ పిలుపు కాగితాన్నీ సమన్స్ అనే అంటారు. కాల్‌కీ దీనికీ తేడా మన తెలుగులో ఎప్పటినుంచో ఉంది, పిలవడం, పిలిపించడం. స్నేహితుడిని టీకి పిలుస్తాం, హెడ్మాస్టరు పిల్లాడి తండ్రిని పిలిపిస్తారు. పిలిపించేవాళ్లకి ఆ అధికారం ఉండాలి, వెళ్లేవాళ్లకి కుదరదు అనే వీలుండదు, సమన్‌లో ఉన్నది అదే. అందుకే మా పిల్లలు "మా ఫ్రెండ్ నన్ను బర్త్‌డేకి సమన్ చేశాడు" అని రాస్తే కొట్టేస్తాను. లాటిన్‌లో దీని మూలానికి హెచ్చరించడం, గుర్తుచేయడం అనే అర్థం ఉంది, మానిటర్ అనే మాటా ఆ కుదురులోదే.

ఇక చివర ఉన్న స్ బహువచనం కాదు. ఇంగ్లీషులో సమన్స్ ఒక్క కాగితమే, రెండైతే సమన్సెస్. మనం ఆ స్ చూసి బహువచనం అనుకుని సమన్లు చేసుకున్నాం, పేపర్లలో అదే స్థిరపడింది, దాన్ని తప్పనను. కానీ విదేశాంగ శాఖ ఏదో దేశం రాయబారిని పిలిపిస్తే "రాయబారికి సమన్లు" అని హెడ్డింగ్ పెట్టడం నాకు నచ్చదు, చదివేవాళ్లు కోర్టు అనుకుంటారు, పిలిపించి నిరసన తెలిపింది అంటే సరిపోయేది. సమన్ అప్ కరేజ్ అన్నప్పుడైతే ఎవరినీ పిలిపించడం కాదు, ధైర్యం కూడగట్టుకోవడం.

నల్లకోటు_వైజాగ్:
ప్రాక్టీసులో ఉన్నాను కాబట్టి చెబుతున్నా. కాగితంలో సమన్స్ అన్న మాట పక్కనే చూడండి, టు విట్‌నెస్ అని ఉంటే సాక్షిగా పిలిచారు, మీరు చెప్పినదాన్ని బట్టి అదే అయి ఉండాలి. అమ్మగారి సంతకం చెల్లుతుంది. క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చెప్పే పాత చట్టం సీఆర్పీసీలో, మనిషి దొరక్కపోతే కలిసి ఉంటున్న కుటుంబంలోని వయసొచ్చిన మగవాళ్ల చేతికే ఇవ్వాలని ఉండేది, దాని స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 66వ సెక్షన్‌లో ఆ మగ అన్న మాట తీసేశారు. ఇంట్లో తల్లి ఉండగా కాగితం ఇవ్వకుండా వెనక్కి వెళ్లిపోయే రోజులు చూశాను, ఆ ఒక్క మాట పోవడం చిన్న విషయం కాదు.

ఇంకొకటి, 60 దాటినవాళ్లని సాక్షిగా విచారించాలంటే పోలీసులే ఇంటికి రావాలి, స్టేషన్‌కి రమ్మని బలవంతపెట్టకూడదు, అది బీఎన్‌ఎస్‌ఎస్‌లోనే 179వ సెక్షన్. కోర్టు సమన్స్‌కి మాత్రం ఆ మినహాయింపు వర్తించదు, కారణం లేకుండా మానేస్తే వారంట్ ఇచ్చే అధికారం కోర్టుకి ఉంది. ఒంట్లో బాగోకపోతే డాక్టరు సర్టిఫికెట్ పెట్టి ముందుగానే తెలియజేయండి. రానుపోను ఖర్చు ఇప్పించమని కూడా అడగొచ్చు.

భీమిలి_బామ్మ:
బాబూ, మా నాన్న కరణీకం చేసేవారు, పైనుంచి ఆర్డరు వస్తే తాఖీదు వచ్చింది అనేవారు. శ్రీముఖం అన్నది మొదట పీఠాధిపతులు పంపే లేఖ, తర్వాత ఆఫీసులో సంజాయిషీ అడిగినా శ్రీముఖం అందింది అనడం మొదలైంది. మాటలకి అలా భయం అంటుకుంటుంది. మీ నాన్నగారు ఒక ప్రాణం కాపాడటానికి పరిగెత్తిన మనిషి, ఆయనకి వచ్చింది కబురు అని చెప్పు.

గాజువాక_అబ్బాయి:
ఇప్పుడే జేబులోంచి తీయించి చూశాం. మడత మీద పడి అక్షరాలు చెరిగాయి గానీ టు విట్‌నెస్ అనే ఉంది. నాన్నగారు కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "ఆ కుర్రాడు కూడా కోర్టుకి వస్తాడా?" అని అడుగుతున్నారు.