హార్ట్ ఫెయిల్యూర్‌కి ఆన్‌లైన్ పాఠాలు సరిపోతాయా?

పెద్దబ్బాయి:
నాన్నకి హార్ట్ ఫెయిల్యూర్. డిశ్చార్జ్ రోజు నర్సు పది నిమిషాలు గబగబా చెప్పి ఓ కాగితం చేతిలో పెట్టింది. ఇంటికొచ్చాక ఆయనకు గుర్తున్నది ఒక్కటే, "గుండె ఫెయిలైందట". ఆ మాటకే సగం కుంగిపోయారు. గుండె ఆగిపోవడం కాదు, ఒంటికి కావలసినంత రక్తం అందించలేకపోవడం అని ఒక వీడియో చూశాకే తేరుకున్నారు. అందుకే నా వాదన, ఈ పాఠాలన్నీ ఆన్‌లైన్‌లో పెట్టేస్తే చాలు. ఎన్నిసార్లయినా చూసుకోవచ్చు. కాదనేవాళ్లు చెప్పండి.

వార్డు సిస్టర్:
పది నిమిషాల మాట నిజమేనండీ, కాదనను. కానీ వీడియో ఎదురు ప్రశ్న వేయదు. "మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఏం చేస్తారు?" అని అడిగి, పేషెంటు తన మాటల్లో చెప్పేదాకా నేను వదలను. ఒకాయన "అన్నం తగ్గిస్తా" అన్నారు! అది కొవ్వు కాదు, నీరు. చేయాల్సింది ఆసుపత్రికి ఫోన్.

లెక్కల మనిషి:
2010లో అమెరికాలో టెలీ-హెచ్‌ఎఫ్ అని 1,653 మందితో అధ్యయనం వచ్చింది. అందులో ఒక గుంపువాళ్లు రోజూ ఫోన్ చేసి రికార్డు గొంతుకు బరువు, లక్షణాలు చెప్పాలి. ఆరు నెలలైనా మరణాలూ తగ్గలేదు, మళ్లీ ఆసుపత్రి పాలవడమూ తగ్గలేదు. ఆ గుంపులో 14 శాతం మంది అసలు ఫోనే చేయలేదు. 2018లో జర్మనీలో వచ్చిన టిమ్-హెచ్‌ఎఫ్2 అనే అధ్యయనంలో అవతల 24 గంటలూ డాక్టర్లు, నర్సులు ఉన్నారు. అక్కడ మరణాలు ఏడాదికి నూటికి 7.9, మామూలు వైద్యంలో 11.3. రెండూ పాఠాల మీద కాదు, దూరం నుంచి కనిపెట్టుకోవడం మీద జరిగినవి. అయినా తేడా ఎక్కడుందో తెలుస్తూనే ఉంది.

పాత పేషెంటు:
నాకు ఆన్‌లైన్ మేలూ చేసింది, కీడూ చేసింది. మోకాలి నొప్పికి వేసుకునే ఐబుప్రోఫెన్ ఒంట్లో నీరు చేరేలా చేస్తుందని అక్కడే తెలిసింది. అక్కడే ఇంకెవరో సోడియం తక్కువ ఉప్పు వాడమంటే మొదలుపెట్టాను. అందులో పొటాషియం ఉంటుందట. నేనేమో స్పైరోనోలాక్టోన్ అని, పొటాషియాన్ని ఒంట్లోనే నిలిపేసే మందు మీద ఉన్నాను. రక్తపరీక్షలో పొటాషియం పెరిగిపోయింది, డాక్టరు చేత చీవాట్లు తిన్నాను. వీడియో చేసినవాడికి నా మందుల చీటీ ఏం తెలుసు?

పెద్దబ్బాయి:
అర్ధరాత్రి ఏ సిస్టర్ దొరుకుతారండీ? నాన్నకి పడుకుంటే ఆయాసం వస్తోందని, రెండో దిండు కావాల్సి వస్తోందని నేను కనిపెట్టింది వీడియో చూసే.

వార్డు సిస్టర్:
మంచి పని చేశారు. కనిపెట్టాక ఏం చేశారు?

పెద్దబ్బాయి:
దిండు ఇచ్చాను.

వార్డు సిస్టర్:
ఎప్పటి నుంచి? డిశ్చార్జ్ రోజు బరువెంత, ఇవాళ ఎంత?

పెద్దబ్బాయి:
మొన్నటి నుంచి. బరువు రోజూ చూడటం లేదు. ఆగండి... కాగితంలో 64 ఉంది. ఇప్పుడు చూస్తే 66.5.

వార్డు సిస్టర్:
వాదన తర్వాత చూసుకుందాం. ఆ కాగితం కింద నంబరుంటుంది, ఇప్పుడే ఫోన్ చేయండి. ఎవరూ ఎత్తకపోతే నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.