పాత బజారుకు వారసత్వ గుర్తింపు తెస్తే బాగుపడేది ఎవరు?

మిద్దెగోడ:
ఏ చిన్న పట్టణమైనా తీసుకోండి. బస్టాండు వైపు కొత్త ఊరు పెరిగిపోతుంది, నడిమధ్యలో పాత బజారు మిగిలిపోతుంది. కింద కొట్టు, పైన కాపురం, ముందు అరుగు, చెక్క స్తంభాలు, పిట్టగోడ మీద గచ్చులో చెక్కిన సంవత్సరం. ముందు ఒకటి పడగొడతారు. అక్కడ అద్దాల షోరూము లేస్తుంది. దాన్ని చూసి పక్కాయనకూ మనసు లాగుతుంది. పదేళ్ళు తిరిగేసరికి అది ఏ ఊరి వీధో ఎవరూ చెప్పలేరు.

ఒక్కో భవనానికి కాకుండా వీధి మొత్తానికి కలిపి వారసత్వ గుర్తింపు తేవాలని నా వాదన. మన కేంద్ర చట్టం 1958 నాటిది. కోటలకూ గుళ్ళకూ సరే గానీ, మనుషులు తిరుగుతూ వ్యాపారం చేసుకునే బజారు దాని కంటికి ఆనదు. అమెరికాలో 1966 చట్టం తర్వాత డౌన్‌టౌన్, అంటే ఊరి నడిబజారు మొత్తాన్ని ఒకే 'డిస్ట్రిక్ట్'గా, అంటే ఒకే వారసత్వ ప్రాంతంగా, చారిత్రక స్థలాల జాతీయ రిజిస్టరులో ఎక్కించే వీలుంది. అలాంటిది మనకెందుకు వద్దు?

గొళ్ళెం:
గుర్తింపు అంటే గోడకు ఇత్తడి పలక కొట్టి ఫొటో దిగడం అనుకుంటున్నారు మీరు. ఓనరుకు మాత్రం అది తన ఇంటికి బయటివాడు వేసే తాళం.

మా పెదనాన్నగారి ఇల్లు ఒక రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల పడింది. మీరన్న 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం ఆ 100 మీటర్లలో కొత్తగా కట్టకూడదు, దాని తర్వాత ఇంకో 200 మీటర్లలో అనుమతి తీసుకుని కట్టాలి. కొత్తది కడతామని మేం అడగలేదు, వంటింటి పైకప్పు కారుతోంది, బాగు చేయించుకుంటామన్నాం. రిపేరుకూ అనుమతి కావాలి. ఏడాదిన్నర తిరిగాం. కిందికెళ్తే ఫైలు పైకెళ్ళిందంటారు, పైకెళ్తే కిందికి పంపామంటారు. పెద్దమ్మ రెండు వానాకాలాలు పొయ్యి పక్కన బకెట్టు పెట్టుకుని వంట చేసింది. ఇక మీ గుర్తింపు సంగతి నాకు చెప్పకండి.

పక్కసీటు:
ఆ 100 మీటర్ల రూలు రక్షిత కట్టడాల చుట్టూనే కదండీ. బజారుకు వర్తించదుగా?

గొళ్ళెం:
ఇవాళ వర్తించదు. రేపటి సంగతి మీరు రాసిస్తారా?

మిద్దెగోడ:
గొళ్ళెం గారూ, రెండు వేర్వేరు విషయాలను ఒకే గాటన కడుతున్నారు. ఆ అమెరికా రిజిస్టరులో పేరెక్కినంత మాత్రాన ఓనరు చేతులేం కట్టేయరు. సొంత డబ్బుతో సొంత ఇంటిని ఏమైనా చేసుకోవచ్చు, ఆఖరికి పడగొట్టుకోవచ్చు కూడా. ఆంక్షలొచ్చేది స్థానికంగా ఊరు పెట్టుకునే చట్టం వల్ల. అక్కడ అలాంటి మొదటి చట్టాన్ని 1931లో చార్ల్‌స్టన్ అనే ఊరు పెట్టుకుంది. పైగా 1966 చట్టానికి 1980లో చేసిన సవరణ తర్వాత, డిస్ట్రిక్టులోని ప్రైవేటు ఓనర్లలో సగానికి మించి వద్దంటే పేరే ఎక్కదు. ఇంతకంటే ప్రజాస్వామ్యం ఏముంటుంది? భవనాన్ని పద్ధతిగా బాగు చేయించుకుంటే ఖర్చులో 20 శాతం వెనక్కి కూడా వస్తుంది.

లెక్కలపుస్తకం:
"వెనక్కి వస్తుంది" అన్నారు చూశారా, అక్కడ ఆగండి. అది గ్రాంటు కాదు, కట్టాల్సిన ఆదాయపు పన్నులో తగ్గింపు. ముందు మొత్తం జేబులోంచి పెట్టాలి, ఆ తర్వాత 20 శాతాన్ని అయిదేళ్ళకు పంచి తగ్గిస్తారు. ఆదాయం తెచ్చే భవనానికే ఇస్తారు, సొంత కాపురానికి లేదు. చేసిన పని వాళ్ళ ప్రమాణాలకు సరిపోకపోతే పైసా రాదు. పన్ను కట్టేంత ఆదాయమే లేనివాడికి ఆ తగ్గింపు ఏం చేసుకోవడానికి?

మిద్దెగోడ:
నేను చెప్పింది తప్పా మరి? 20 శాతమే కదా అన్నది.

లెక్కలపుస్తకం:
అంకె తప్పని నేననలేదు. "వెనక్కి వస్తుంది" అనే మాట తప్పు.

సున్నపుబట్టీ:
మీరంతా చట్టాల మీద పడ్డారు. నేను చూసినంతలో పాత బజార్లను తినేస్తున్నది సిమెంటు.

వినండి. పాత గోడ ఇటుకా సున్నమూ. పునాదిలో తడిని ఆపే పొర ఉండదు. నేలలోని చెమ్మ గోడలోకి ఎక్కుతుంది, సున్నపు పూత గుండా ఆరిపోతుంది. ఆ ఇంటికి అది ఊపిరి లాంటిది. మనవాళ్ళేం చేస్తారంటే, అడుగున పెచ్చులూడాయని గీకేసి సిమెంటు కొట్టిస్తారు. పైకి నున్నగా కనిపిస్తుంది. ఇక తడికి బయటికి దారి లేదు, ఇంకా పైకి ఎక్కుతుంది. దాంతోపాటు వచ్చిన ఉప్పు లోపల గడ్డకట్టి ఇటుకను పిండి చేస్తుంది. నేనొకసారి అలాంటి గోడ మీద వేలితో తట్టాను, డొల్ల శబ్దం. సిమెంటు పెచ్చు ఒకటి ఊడదీస్తే వెనక ఇటుక లేదు, ఎర్రటి పొడి జలజలా కాళ్ళ మీద రాలింది. దూలం కొసలు ఆ గోడలోనే కూర్చుని ఉంటాయి. అవి నానితే చెదలు పిలవకుండానే వస్తాయి. అప్పుడొక ఇంజనీరు వచ్చి "శిథిలావస్థ" అని రాసేస్తాడు. ఇల్లు తనంతట తానేమీ కూలలేదు, మనమే ఊపిరాడకుండా చేశాం.

గొళ్ళెం:
సున్నం పని చేసే మేస్త్రీ ఏడీ? దొరికినా రోజుకు ఎంత పని సాగుతుంది?

సున్నపుబట్టీ:
తక్కువే సాగుతుంది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ గట్టిపడుతుంది, వారాలు పడుతుంది, మధ్యలో తడుపుతూ ఉండాలి. సిమెంటు లాగా పొద్దున కొట్టి సాయంత్రం చెయ్యి దులుపుకోవడం కుదరదు. అందుకని అసలు వద్దంటామా? మేస్త్రీలు లేరంటే పని లేక లేరు.

రాత్రిడ్యూటీ:
వైరింగు మాట ఎవరూ ఎత్తరేం? చెక్క పైకప్పులు, ఇంటికీ ఇంటికీ మధ్య ఒకే గోడ, పైకి ఒకే ఒక్క మెట్ల దారి, దాని కిందే మీటర్లూ అట్టపెట్టెలూ. ఒకటి అంటుకుంటే వరసంతా పోతుంది. ముందు ఆ వైర్లు మార్పించండి, పలక సంగతి తర్వాత.

మిద్దెగోడ:
ఒప్పుకుంటాను. ఒక్క పలకతో ఏమీ కాదు. అందుకే అమెరికా వాళ్ళ 'మెయిన్ స్ట్రీట్' పద్ధతి నాకు నచ్చుతుంది. 1977లో గేల్స్‌బర్గ్, మాడిసన్, హాట్ స్ప్రింగ్స్ అనే మూడు ఊళ్ళలో ప్రయోగంగా మొదలైంది, 1980లో జాతీయ కేంద్రం పెట్టారు. భవనాలను బాగు చేయించడం అందులో ఒక భాగం మాత్రమే. వ్యాపారులను ఒక దగ్గరికి తేవడం, ఖాళీ కొట్లు నింపడం, జనాన్ని బజారుకు రప్పించడం కూడా అందులోనే ఉన్నాయి. 50లు, 60లలో మోడర్న్‌గా కనబడాలని అక్కడ చాలా కొట్ల ముందుభాగాన్ని అల్యూమినియం రేకులతో కప్పేశారు. తర్వాత ఆ రేకులు విప్పితే వెనక పాత కిటికీలూ చెక్కడాలూ అలాగే ఉన్నాయి. మన బజార్లలో ఫ్లెక్సీలు విప్పి చూడండి, ఏం కనిపిస్తుందో.

పక్కసీటు:
ఫ్లెక్సీ వెనక ఇంకో ఫ్లెక్సీ కనిపిస్తుంది 😀

గొళ్ళెం:
మిద్దెగోడ గారు అమెరికా దాటి రావడం లేదు. సరే, నేనూ విదేశాల మాటే చెప్తా. ఇంగ్లండులోని లివర్‌పూల్ రేవు 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది, కొత్త కట్టడాల వల్ల 2021లో పేరు తీసేశారు. జర్మనీలోని డ్రెస్డెన్ ఒక వంతెన కోసం 2009లో ఆ హోదానే వదులుకుంది. రెండు ఊళ్ళూ బతికే ఉన్నాయిగా. బతకడానికి వంతెనే కావాలనుకున్నారు వాళ్ళు. మన దగ్గర 2015లో వారసత్వ నగరాల అభివృద్ధికని కేంద్రం హృదయ్ పథకం పెట్టింది, వరంగల్, అమరావతితో కలిపి 12 ఊళ్ళు. 2019లో పథకమే ముగిసింది. డబ్బు ఆగుతుంది, రూలు మాత్రం మిగులుతుంది. నా భయం అదీ.

లెక్కలపుస్తకం:
హృదయ్‌లో ఓనరు ఇంటి మీద కొత్త ఆంక్షలేం పెట్టలేదు కదా, ఇక్కడ ఉదాహరణగా ఎలా నిలుస్తుంది?

గొళ్ళెం:
మీరు అక్షరాలు లెక్కపెట్టుకోండి, నేను ఇల్లు చూసుకుంటా.

మిద్దెగోడ:
కోపం దేనికండీ. పుదుచ్చేరిలో మేరీ భవనం అని ఉండేది, ఫ్రెంచివాళ్ళ కాలం నాటి టౌన్‌హాలు. పట్టించుకునే దిక్కులేక 2014లో వానకు కూలిపోయింది. మళ్ళీ అదే రూపంలో కట్టి 2021లో తెరిచారు. ముందే చూసుకుని ఉంటే ఆ తిప్పలే తప్పేవి. మీకు కావలసింది కూలిపోయేదాకా చూడటమేనా?

గొళ్ళెం:
మర్యాదగానే అడుగుతున్నా. మొదటి నుంచీ 'మన బజారు', 'మన వీధి' అంటున్నారు. అలాంటి బజారులో మీకు ఎన్ని గజాలుంది?

పక్కసీటు:
అయిపోయింది, ఇక మొదలు.

మిద్దెగోడ:
గజం కూడా లేదు. ఉండాలా? మా నాన్న అలాంటి ఒక మేడ మీద గదిలో ఇరవై ఏళ్ళు అద్దెకున్నాడు. నేను అక్కడే పుట్టాను. మధ్యాహ్నం నడవాలో చెక్క కటకటాల నీడ గీతలు గీతలుగా పడేది, మా అక్కా నేనూ ఆ గీతలు తొక్కకుండా దూకేవాళ్ళం. పోయినేడు వెళ్తే ఆ చోటంతా ఖాళీ, ఇనుపరేకుల కంచె. అంతకన్నా నాకు హక్కు లేదంటే లేదు.

గొళ్ళెం:
నాకది అర్థం కాక కాదు. నా సంగతి కూడా వినండి. మేం నలుగురు అన్నదమ్ములం. మా తాత కట్టిన మేడ, ముందు భాగం బజారులో, వెనక హాలు, నడుమ వాకిలి. ఇల్లుగా అది నాలుగు ముక్కలు కాదు. మెట్లు ఒకరికి ఇస్తే పై అంతస్తు ఇంకొకరు ఎలా ఎక్కాలి? పడగొట్టి కాంప్లెక్సు కడితే నాలుగు షట్టర్లు, నాలుగు ఫ్లాట్లు. అప్పుడే మా పంపకం తెగుతుంది. నాన్న పోయిన ఆరేళ్ళుగా ఒకరి ఇంటి శుభకార్యానికి ఇంకొకరం వెళ్ళడం లేదు. మీరొచ్చి వీధి మొత్తానికీ కలిపి గుర్తింపు అంటే, ఇంకో ఆరేళ్ళు వెళ్ళకండని చెప్పినట్టే నాకు.

లెక్కలపుస్తకం:
ఈ మాట మొదట్లోనే చెప్పి ఉంటే 100 మీటర్ల గురించి ఇంతసేపు కొట్టుకునేవాళ్ళం కాదు. దీనికి టీడీఆర్ అని ఒక మార్గం ఉంది. పాత ఇంటిని ఉంచేసి, దాని మీద కట్టుకోగలిగిన అంతస్తుల హక్కును ఇంకెవరికైనా అమ్ముకోవడం. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ కేసులో పైన కట్టనివ్వకపోవడం అన్యాయమన్న ఓనరు వాదనను 1978లో అమెరికా సుప్రీంకోర్టు తోసిపుచ్చినప్పుడు, ఇలాంటి హక్కు ఉండటాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది. కానీ అదనపు అంతస్తులు కొనడానికి బిల్డర్లు ఎగబడే నగరంలోనే అది నడుస్తుంది. చిన్న పట్టణంలో ఆ హక్కు పత్రం చేతిలో పెట్టుకుని ఎవరి గుమ్మం ఎక్కుతారు? నలుగురి వాటాలూ డబ్బుగా తెగేట్టు ఎవరైనా ఇల్లు కొంటే తప్ప పరిష్కారం లేదు.

నడవా:
చాలా రోజులుగా చదువుతున్నా, రాయడం ఇదే మొదలు. నేను అలాంటి బజారులోనే మేడ మీద అద్దెకు ఉంటూ కుట్టుపని చేసుకుంటాను. పదకొండేళ్ళయింది. గొళ్ళెం గారు గెలిస్తే ఇల్లు పడగొడతారు, నేను ఖాళీ చేయాలి. మిద్దెగోడ గారు గెలిస్తే రంగులు వేసి దీపాలు పెడతారు, జనం ఫొటోలకు వస్తారు, అద్దె పెరుగుతుంది, అప్పుడూ నేను ఖాళీ చేయాలి. ఆ సగానికి మించి వద్దనే లెక్కలో మాలాంటి వాళ్ళం ఉంటామా?

లెక్కలపుస్తకం:
లేదమ్మా. అభిప్రాయం రాసి పంపొచ్చు. అభ్యంతరంగా లెక్కకు వచ్చేది ఓనర్ల సంతకమే.

నడవా:
అనుకున్నాను.

మిద్దెగోడ:
నడవా గారూ, అద్దె సంగతి నేను ఆలోచించలేదు. మా నాన్న కూడా మీలాగే అద్దెకుండి, నేను ఆలోచించకపోవడం... ఏం చెప్పాలో తెలియడం లేదు.

గొళ్ళెం:
మా కింది కొట్టులో ఒకాయన నాన్న కాలం నుంచీ ఉన్నాడు. పంపకం లెక్కల్లో ఆయన పేరు మేం నలుగురం ఒక్కసారి కూడా ఎత్తలేదు. అంతకుమించి నన్నేం అనమంటారు?

సున్నపుబట్టీ:
అమ్మా, మీ మెట్ల పక్క గోడ అడుగున పొక్కిందా?

నడవా:
మోకాలి దాకా పొక్కిందండీ. పోయిన వేసవిలో ఓనరు గారు సిమెంటు కొట్టించారు. ఇప్పుడు బాగానే ఉంది.

సున్నపుబట్టీ:
బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. వచ్చే వానలకు నడుము దాకా వస్తుంది చూడండి.

నడవా:
అప్పటికి నేను అక్కడే ఉంటే చూసి చెప్తాను.