గురుకులాల్లో హెల్త్ రూమ్, రక్తహీనత: గ్రాంటు ప్రపోజల్‌కి 1000 మంది పిల్లలు చాలరా?

ఏజెన్సీ_పీఎస్ఎమ్:
గిరిజన సంక్షేమ గురుకులాల్లో ఏఎన్ఎం పూర్తికాలం ఉండే హెల్త్ రూమ్ పెడితే రక్తహీనత తగ్గుతుందా అన్నదానిపై ఐసీఎంఆర్‌కి (కేంద్ర వైద్య పరిశోధన మండలి) ప్రపోజల్ రాస్తున్నాం. పాడేరు వైపు నాలుగు స్కూళ్లు. రెండింట్లో హెల్త్ రూమ్, రెండింట్లో ఇప్పుడు నడుస్తున్న పద్ధతే. ఒక్కో స్కూల్లో 250 మంది. జులైలో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి వేలు గుచ్చి హిమోగ్లోబిన్ చూస్తాం. గది మరమ్మతు, మంచాలు, ఏఎన్ఎం జీతం బడ్జెట్‌లో పెట్టాం. చదివినవాళ్లు మూడు మాటలు రాసి తిప్పి పంపారు: శాంపుల్ చాలదు, బడ్జెట్ పరిశోధనకి కాదు, ఈక్విటీ (వెనకబడినవాళ్లకీ మిగతావాళ్లకీ మధ్య తేడా తగ్గించడం) పేరులోనే ఉంది. 1000 మంది ఎందుకు చాలరో ఎవరైనా చెప్తారా?

లెక్కల_మాస్టారు:
మీరు లెక్కపెట్టాల్సింది పిల్లల్ని కాదండీ, స్కూళ్లని. ఒకే మెస్‌లో తిని, ఒకే నీళ్లు తాగే పిల్లలు ఒకరికొకరు పోలి ఉంటారు. ఆ పోలిక (ఐసీసీ) 0.05 అనుకుంటే, స్కూలుకి 250 మందిని తీసుకున్నప్పుడు డిజైన్ ఎఫెక్ట్ (ఈ పోలిక వల్ల శాంపుల్ ఎన్ని రెట్లు కావాలో) 1 + 249 × 0.05 = 13.45. అంటే ఒక్కో వైపు ఉన్న 500 మంది విలువ 37 మందికి సమానం. పైగా వైపుకి రెండే స్కూళ్లుంటే, తేడా హెల్త్ రూమ్ వల్ల వచ్చిందో, ఒక స్కూల్లో వార్డెన్ గట్టివాడు కావడం వల్ల వచ్చిందో విడదీసే దారి లేదు.

తిరగేసి చూడండి. రక్తహీనత 50 శాతం నుంచి 35కి తగ్గుతుందని ఆశిస్తే, 80 శాతం పవర్‌తో (నిజంగా తేడా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం) మామూలు లెక్కలో వైపుకి 167 మంది కావాలి. స్కూలుకి 40 మందినే తీస్తే డిజైన్ ఎఫెక్ట్ 2.95, కాబట్టి 493. మధ్యలో పదిశాతం మంది జారిపోతారు కనుక 548. అంటే వైపుకి 14 స్కూళ్లు. మొత్తం మీద మీరనుకున్న 1000 కన్నా వంద మందే ఎక్కువ, కానీ 28 స్కూళ్లు తిరగాలి. జీపు ఖర్చు పెరుగుతుంది, అది బడ్జెట్‌లో అడగదగ్గ ఖర్చే.

ల్యాబ్_బెంచి:
వేలి రక్తంతో ఈ ప్రశ్నకి జవాబు రాదు. కౌమారుల్లో రక్తహీనత సీఎన్ఎన్ఎస్ (పిల్లల జాతీయ పోషకాహార సర్వే, 2016–18) సిరరక్తం తీసి చూస్తే 28 శాతం. ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5 (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే) వేలి రక్తంతో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 59.1, మగపిల్లల్లో 31.1 చూపింది. వయసులు వేరు కాబట్టి పక్కపక్కన పెట్టి పోల్చకూడదు గానీ, పద్ధతి మీద గొడవ మొదలైంది అక్కడే. స్పిరిట్ ఆరకముందే గుచ్చినా, చుక్క రాలేదని వేలు పిండినా రక్తం పలచబడి రీడింగ్ తగ్గుతుంది. మొదటి రెండు మూడు చుక్కలు తుడిచేయాలి. రక్తపు చుక్క పట్టే క్యువెట్ల డబ్బా మూత తీసి ఉంచితే తేమకి పాడవుతాయి.

సిరరక్తం 3 మి.లీ. తీసి సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), సీఆర్‌పీ (ఇన్‌ఫెక్షన్ సూచిక) చేయించండి. ఐదేళ్లు దాటినవాళ్లలో ఫెరిటిన్ 15 మైక్రోగ్రాములు/లీటరు కన్నా తక్కువైతే ఇనుము లోటు. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉంటే ఫెరిటిన్ దొంగగా పెరుగుతుంది, అప్పుడు గీత 70 దగ్గర. ఏజెన్సీలో సికిల్ సెల్, తలసీమియా ట్రెయిట్ (జబ్బు లేకుండా జన్యువు మాత్రం ఉండటం) ఉన్న పిల్లలు తప్పకుండా తగులుతారు. తలసీమియా ట్రెయిట్ ఉన్నవాళ్లకి నీలం ఇనుము మాత్ర ఎన్ని వారాలు మింగించినా హిమోగ్లోబిన్ ఆశించినంత లేవదు. హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలు విడదీసే పరీక్ష) చేయకపోతే మీ హెల్త్ రూమ్ పనిచేయలేదని తేలుతుంది. సికిల్ సెల్‌కి చేసే సాల్యుబిలిటీ టెస్ట్ పాజిటివ్ అయితే ట్రెయిటో జబ్బో చెప్పదు, దానికీ హెచ్‌పీఎల్‌సీయే.

ఇంకో చిక్కు. 5–11 ఏళ్లకి హిమోగ్లోబిన్ గీత 11.5 గ్రా./డె.లీ., 12–14 ఏళ్లకి 12. జులైలో పదకొండేళ్లున్న పాపకి 11.7 ఉందనుకోండి, ఫిబ్రవరికి పన్నెండు నిండి అదే 11.7తో ‘కొత్త రక్తహీనత’ అయి కూర్చుంటుంది. అందుకే ముఖ్య ఫలితంగా సగటు హిమోగ్లోబిన్ తేడా పెట్టుకోండి. పాడేరు ఎత్తు సుమారు 900 మీటర్లు కాబట్టి డబ్ల్యూహెచ్ఓ 2024 మార్గదర్శకాల ప్రకారం 0.4 సవరణ కూడా చేయాలి.

యూసీ_గుమాస్తా:
బడ్జెట్ సంగతి. గది, మంచాలు, రోజువారీ ఏఎన్ఎం జీతం సేవ ఖర్చులు. వాటిని సంక్షేమ శాఖ భరిస్తుందని లేఖ తెచ్చి ప్రపోజల్‌కి జతచేయండి. గ్రాంటులో అడగాల్సింది ఫీల్డ్ సిబ్బంది, ల్యాబ్, శాంపిళ్ల రవాణా, ప్రయాణం, డేటా. మొదటి ఏడాది యుటిలైజేషన్ సర్టిఫికెట్, రిపోర్టు వెళ్లాకే రెండో విడత కదులుతుంది. ల్యాబ్ పని అంతా రెండో ఏడాదికి నెడితే శాంపిళ్లు ఫ్రీజర్‌లోనే ఉంటాయి.

ప్రిన్సిపాల్ సంతకం గేటు తెరవడానికే, సమ్మతి తల్లిదండ్రులదే. 7–12 ఏళ్లవాళ్ల నోటిమాట అంగీకారం, ఆపైన రాతలో. తల్లిదండ్రులు కొండమీది ఊళ్లలో ఉంటారు గనుక జూన్ అడ్మిషన్లప్పుడో, పిల్లల్ని చూడ్డానికొచ్చే ఆదివారమో తీసుకోండి. మొదటి బిడ్డని చేర్చుకోకముందే సీటీఆర్ఐలో (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నమోదు కావాలి.

సమత_ఫీల్డ్:
ఈక్విటీ అంటే బీద స్కూళ్లని ఎంచుకోవడం కాదు. తేడా తగ్గిందో లేదో కొలవాలి. అమెరికాలో కమ్యూనిటీ ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2015లో స్కూల్ హెల్త్ సెంటర్లని సిఫార్సు చేసింది సరిగ్గా ఈ కారణంతోనే, తక్కువ ఆదాయ ప్రాంతాల పిల్లల కోసం. వాళ్లు చూసిన ఫలితాల్లో టీకాలు, ఆస్తమా, ఎమర్జెన్సీకి వెళ్లడం, చదువు ఉన్నాయి. మన హాస్టళ్లకి వాటిని అలాగే దించుకోవద్దు. జ్వరం, గజ్జి, ‘ఒంట్లో బాగోలేదు’ అని ఇంటికి పంపేసిన రోజులు, రిఫర్ చేసినవాళ్లలో నిజంగా ఏరియా ఆసుపత్రికి చేరినవాళ్లెందరు అన్నవి రాయండి. స్కూళ్లని లాటరీ వేసేముందు ఆసుపత్రి దూరాన్నిబట్టి రెండు గుంపులు చేయండి. దూరపు స్కూళ్లలో ఎక్కువ మేలు జరిగితేనే అది ఈక్విటీ.

ఏజెన్సీ_పీఎస్ఎమ్:
అందరికీ ధన్యవాదాలండీ. ఒక్కటి మిగిలింది. కంట్రోల్ స్కూళ్లలో (హెల్త్ రూమ్ లేనివాటిలో) జులైలోనే రక్తహీనత బయటపడితే మందివ్వక తప్పదు కదా, ఇచ్చాక ఇక తేడా ఏముంటుంది?

లెక్కల_మాస్టారు:
ఇచ్చి తీరాలి. ఎథిక్స్ కమిటీ మొదట అడిగేది అదే. అనీమియా ముక్త్ భారత్ ప్రకారం స్వల్ప, మధ్యస్థ రక్తహీనత ఉన్న 10–19 ఏళ్లవాళ్లకి 60 మి.గ్రా. ఇనుము మాత్రలు రోజుకి రెండు, మూడు నెలలు. అందుకే స్టెప్డ్ వెడ్జ్ చేయండి: 28 స్కూళ్లూ ఏడేసి చొప్పున నాలుగు విడతల్లో హెల్త్ రూమ్‌లోకి వస్తాయి, ఎవరి వంతు ఎప్పుడన్నది లాటరీ. ప్రతి విడతలో స్కూలుకి వేరే 40 మందిని చూసి, లోటున్న వాళ్లందరికీ అక్కడికక్కడే మందివ్వండి. శాంపుల్ లెక్క మాత్రం మళ్లీ వేయాలి, పైన వేసింది దీనికి పనికిరాదు. దసరా సెలవుల్లో మాత్రలు ఆగిపోతాయి కాబట్టి ఏ కొలతా సెలవుల తర్వాతి వారంలో పడకుండా క్యాలెండర్ వేసుకోండి.