ఎల్లుండి పిల్లల చరిత్ర ఆట: ల్యాబ్ కుదరదన్నారు

డల్లాస్ తమ్ముడు: హైదరాబాద్‌లో దిగాను. అమలాపురంలో మిగిలిన పనులు: ఫ్లెక్సీ, భోజనాలు, ల్యాబ్‌లో గేమ్ ఎక్కించడం, ప్రైజులు. ఎవరిది ఏదో రాత్రికల్లా చెప్పండి.

అమలాపురం బాబాయ్: ముందు ఇది చూడండి. చరిత్ర పాఠం అన్నంతసేపూ స్కూలువాళ్లు సరేనన్నారు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ పేరు చెప్పగానే ‘వీడియో గేములా? పేరెంట్స్‌తో మాకెందుకండీ మాట’ అని ల్యాబ్ తాళం ఇవ్వలేదు.

హ్యూస్టన్ అక్క: గేమ్ అని ఎవరు చెప్పమన్నారు బాబాయ్?

అమలాపురం బాబాయ్: అబద్ధమాడి తీయించుకోవాలా అమ్మా? మీరు అక్కడ కూర్చుని ఎన్నయినా అంటారు. రేపు ఆ గుమ్మం తొక్కాల్సింది నేను.

కోశాధికారి: సిస్టమ్‌లు అద్దెకి తెద్దామని మాత్రం అనకండి. పోయినసారి జనరేటర్ బిల్లు నేనే కట్టాను, ఇంకా నా చేతికి రాలేదు.

రాజమండ్రి మాస్టారు: ఆగండాగండి. అన్ని సిస్టమ్‌లెందుకు? ఆ గేమ్ రెండో భాగానికి 2022లో అదనంగా వచ్చిన ‘డైనాస్టీస్ ఆఫ్ ఇండియా’లో రాజేంద్ర చోళుడి దండయాత్రలున్నాయి. మనకి కావలసింది ఆయన ఇంటి సంగతి. కూతురు అమ్మంగదేవిని మన రాజరాజనరేంద్రుడికిచ్చాడు. అంటే రాజమండ్రికి పిల్లనిచ్చిన మామగారు! అవతల కల్యాణి చాళుక్యులూ ఆ అల్లుడి వేంగి రాజ్యం మీద కన్నేశారు. సైన్యం పంపుతారా, సంబంధం కలుపుకుంటారా అని పిల్లల్నే అడుగుదాం. గేమ్‌లో కట్టెలు, బంగారం పోగెయ్యాలి. ఇక్కడ పెళ్లే ఎత్తు. ఆ దంపతుల కొడుకే 1070లో చోళ గద్దె ఎక్కి కులోత్తుంగుడయ్యాడు. మధ్యలో ఆపి ‘నిజంగా ఇలాగే జరిగిందా?’ అని అడక్కపోతే క్లాసులో ఆడించినా అది ఉత్త ఆటే.

హ్యూస్టన్ అక్క: అయితే నేల మీదే ఆడిద్దాం. పండగ కదా, ముగ్గుపిండి ఎలాగూ ఉంటుంది. తంజావూరు నుంచి వేంగి దాకా మ్యాప్ గీసేస్తే చింతపిక్కలు సైన్యం, గవ్వలు బంగారం. బాబాయ్, ఇందాక నోరు జారాను, ఏమీ అనుకోకండి.

అమలాపురం బాబాయ్: ఏమనుకుంటానమ్మా. కొబ్బరి దింపు అయిపోయింది, మా దొడ్డి ఖాళీయే. చింతపిక్కలెందుకు, చెట్ల కింద పిందెలు బోలెడు రాలున్నాయి. గౌతమి పాయ గీయడానికి ఇబ్బంది లేదు. వసిష్ఠ పాయ వచ్చే చోటే గేదెని కడుతున్నాం.

డల్లాస్ తమ్ముడు: నా లాప్‌టాప్‌లో గేమ్ ఉంది. 10 నిమిషాలు ఆడి చూపించి మూసేస్తా. మిగతాది మాస్టారిదే.

కోశాధికారి: ముగ్గుపిండికి బిల్లు అక్కర్లేదు. పిల్లలెంతమంది?

అమలాపురం బాబాయ్: పక్క వీధివాళ్లూ వస్తామంటున్నారు, 40 దాటతారేమో. తమ్ముడూ, నువ్వు పెందలాడే వస్తే గేదెని అవతల కట్టేద్దాం. నా ఒక్కడి మాట వినదు అది.